లక్క వేసిన ఏడో కన్నం

జహీరాబాద్ మొత్తంలో ల్యాప్‌టాప్‌లో దూరిన దయ్యాన్ని పట్టపగలు పట్టుకున్న ఉద్యోగి ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే. తాయెత్తు లేదు, మంత్రం లేదు. కుర్చీలోంచి లేచాను, గోడకు చెవి పెట్టాను, అవతలి గది తలుపు తోసి "బయటికి రా" అన్నాను. వచ్చింది.

ఈ మాట నేను రిటైరైన నాటి సన్మానంలో చెప్పాను. చాయ్ హోటల్లో చెప్పాను. వియ్యాలవారింట్లో భోజనాల దగ్గర చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ తలుపు కొంచెం బరువెక్కింది, నా గొంతు కొంచెం గంభీరమైంది. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటి పిల్లలు చదువుతారు. అందుకని ఎక్కడెక్కడ సాగదీశానో నేనే చెప్పుకుంటూ పోతాను. అన్నీ ఒక్కసారే చెప్పను. ముసలివాడి పరువు మెట్టు మెట్టుగా దిగాలి గాని దొర్లకూడదు.

నేను చెరకు రైతుల సొసైటీలో రికార్డు గుమస్తాను. ఏ రైతు చెరకు ఏ రోజు నరకాలో వరుస కట్టి ఆ లిస్టు ఫ్యాక్టరీకి పంపడం సొసైటీ పని. లిస్టులో పేరుంటేనే గేటు దగ్గర ట్రాక్టరు లోపలికి పోతుంది. పేరు తప్పిందా, నరికిన చెరకు ట్రాలీలోనే ఎండుతుంది. ఎండిన చెరకు బరువు తగ్గుతుంది, రైతు గొంతు పెరుగుతుంది.

మా ఆఫీసు హైవే పక్కన ఒకప్పటి అల్లం గోదాము. ఎన్నిసార్లు సున్నం వేసినా ముసురు పట్టిన రోజు గోడల్లోంచి అల్లం ఘాటు వచ్చేది. గోదాముకు అడ్డంగా ప్లైవుడ్ గోడలు పెట్టి మూడు గదులు చేశారు. ముందు సెక్రటరీ గది, మధ్యలో మాది, వెనక రికార్డు గది. పక్కనే పిండిగిర్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని రొద. ఆ రొదలో ఉండి ఉండి, అది ఆగితేనే మాకు ఏదో శబ్దమైనట్టు ఉండేది.

మధ్య గదిలో నాతో పాటు లిస్టు గుమస్తా ఉండేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. సొసైటీకి ల్యాప్‌టాప్ వచ్చినప్పుడు మా ఇద్దరిలో నేర్చుకున్నది అతనే. నేను "నా రిజిస్టరు నాకు చాలు" అని పక్కకు తిరిగాను. ల్యాప్‌టాప్ మీద మీటలు ఇరుగ్గా ఉన్నాయని వైరు లేని కీబోర్డు ఒకటి సొంతంగా కొనుక్కున్నాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ వెనక్కి వాల్చి, హార్మోనియం వాయించినట్టు కొట్టేవాడు. వెనక గదిలో ఊళ్ళ దస్త్రాలు కూడా తన పద్ధతిలోనే పేర్చుకున్నాడు. అక్షర క్రమం కాదు, రోడ్డు క్రమం కాదు. ఏ ఊరి రైతులు ఎక్కువగా వచ్చి తగాదా పెడతారో ఆ ఊరి కట్ట చేతికి ముందు అందేట్టు. జహీరాబాద్, తర్వాత కోహీర్, తర్వాత చిరాగ్‌పల్లి, అలా. ఆ వరుస లోకంలో మా ఇద్దరికే తెలుసు.

ఒక సోమవారం పొద్దున ఛాతీలో మంటగా ఉందని దవాఖానకు పోయాడు. మంగళవారం మేమంతా అతని ఇంటి ముందు నిలబడ్డాం.

అతని సొరుగులో వస్తువులు నేనే తువ్వాలలో మూటగట్టి అతని భార్యకు ఇచ్చాను. కళ్ళద్దాల డబ్బా, టిఫిను గిన్నె, దువ్వెన, ఆ కీబోర్డు. ల్యాప్‌టాప్ సొసైటీది కాబట్టి నా కస్టడీలోకి వచ్చింది. మూత తెరిస్తే మొదట అతని పేరే కనబడేది. పైన అతని పేరు, కింద "స్వాగతం". ఎదురుగా ఎవరు కూర్చున్నా దానికి లెక్కలేదు. పొద్దున్నే ఆ లేని మనిషిని పేరు పెట్టి పిలిచేది. మేం ఆ పేరు దాటుకుని లోపలికి పోయేవాళ్ళం.

అతని చోట్లోకి కాంట్రాక్టు మీద ఒక ఆపరేటరు అమ్మాయి వచ్చింది. చిరాగ్‌పల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేది. మూడు నెలలకొకసారి సెక్రటరీ సంతకం పెడితేనే ఉద్యోగం. "ఈ నౌకరి ఉన్నన్ని దినాలే సార్, ఇంట్ల నా మాట నడిచేది. పోయిందంటే మర్నాడే పెండ్లిచూపులు" అని నవ్వుతూ చెప్పింది గాని, ఆ నవ్వులో భయం ఉంది. 

ల్యాప్‌టాప్‌కు ఇరువైపులా ఉన్న కన్నాల గురించి నాకు పాఠం చెప్పింది ఆ పిల్లే. 

"ఇది యూఎస్‌బీ సార్."

"దేనికి?"

"ఏదన్న పెట్టుకోవచ్చు. పెన్‌డ్రైవ్, మౌసు, ప్రింటరు."

"ఏదన్న పెట్టుకోవచ్చంటే ఎవడన్న దూరచ్చనే కద బిడ్డా?"

కస్టడీ వస్తువు కనుక నేను స్టాకు రిజిస్టరులో దాన్ని ఒళ్ళంతా వర్ణించి రాశాను. "ఎడమ పక్క కన్నాలు నాలుగు. ఒకటి, గుండ్రనిది, చార్జింగు. రెండు, వెడల్పుది, నెట్టు తీగకు. మూడు, కింద అంచు నొక్కుకుపోయినది, పెద్ద తెరకు. నాలుగు, యూఎస్‌బీ. కుడి పక్క మూడు. ఐదు, చెవుల తీగకు. ఆరు, సన్నని చీలిక, మెమొరీ కార్డుకు. ఏడు, యూఎస్‌బీ, దీనికి కంపెనీవారే నల్ల బిరడా బిగించి ఇచ్చినారు." చదువుకుంటే గర్వంగా ఉండింది. పశువుల సంతలో రసీదు రాసేవాడు కూడా ఎద్దును అంత శ్రద్ధగా రాయడు.

కొన్నాళ్ళకు హెడ్డాఫీసు నుంచి సర్క్యులరు వచ్చింది. ఎక్కడో లిస్టులు బయటికి పొక్కాయట. "ల్యాప్‌టాపుల పోర్టులన్నియు మూసి ఉంచవలెను." మూయడమంటే నా సర్వీసులో ఒకటే అర్థం. కొవ్వొత్తి వెలిగించాను, లక్క కడ్డీ కరిగించాను, ఆరు కన్నాల మీద ఆరు బొట్లు పోసి, ఇత్తడి ముద్ర గుద్దాను. నల్ల బిరడా ఉన్నదాన్ని కూడా వదల్లేదు, బిరడా మీదే పోశాను. 

మర్నాడు ఆ పిల్ల బ్యాగు భుజానికి ఉండగానే కేక పెట్టింది. "ఏంది సార్ గిది! రెండు దిక్కుల నెత్తురు కారినట్టున్నది!"

"సీలు బిడ్డా. మూయుమన్నరు, మూసిన."

"మూయుమంటే సెట్టింగులల్ల బందు చేయుమని సార్! గిట్ల లక్క పోస్తరా ఎవలన్న?"

"సెట్టింగు ఎవనికి కనవడతది? ఆడిట్‌కు వచ్చినోడు సీలు చూస్తడు."

"మరి చార్జింగుది ఇడిసిపెట్టిన్రేంది?"

"అన్నం తినే నోరు మూస్తరా ఎవలన్న?"

సెక్రటరీ ఫొటో తీసి హెడ్డాఫీసుకు పంపాడు. వాళ్ళు ఏమీ అనలేదు. అనడానికి వాళ్ళకు మాట దొరికి ఉండదు.

ఆ చలికాలంలోనే అతని భార్యకు కారుణ్య నియామకం వచ్చింది, అటెండరుగా. రెండేళ్ళలో కంప్యూటర్ పరీక్ష పాసైతే గుమస్తా కుర్చీ, లేకపోతే ఎప్పటికీ నీళ్ళ గ్లాసులే. చేరిన వారానికి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సారూ, మద్యాన్నం అందరు తినవోయినంక ఒక్క గంట ఆ మిషిన్ మీద జర నేర్చుకోనిస్తరా? ఆ బిడ్డ సూపిస్తనన్నది."

"కస్టడీ వస్తువమ్మా. అటెండర్లు ముట్టద్దు. గిదేమన్న కుట్టుమిషినా, ఖాళీగున్నప్పుడల్ల తొక్కనీకి?"

"సరే సారూ" అని ఖాళీ గ్లాసులు ఎత్తుకుని పోయింది. సన్మాన సభలో ఈ ముక్క నేను చెప్పలేదు. వియ్యాలవారింట్లోనూ చెప్పలేదు.

సీజను నడుమ ఒక సోమవారం మధ్యాహ్నం మొదలైంది. అందరూ భోజనాలకు పోయారు. ఆపరేటరు పిల్ల నల్లా దగ్గర టిఫిను డబ్బా కడుగుతోంది. నేను జొన్నరొట్టె తుంచుకుంటూ ఎదుటి తెర వైపు ఊరికే చూస్తున్నాను. లిస్టు తెరిచి ఉంది. రైతుల పేర్ల మధ్య ఒక ఖాళీ గడిలో "కె" అని పడింది.

రొట్టె నోట్లోనే ఆగింది. బల్ల దగ్గర ఎవరూ లేరు. మీటలు కదలలేదు. చాలాసేపటికి "ఓ" పడింది. మళ్ళీ ఆగింది. తర్వాత "జి" అని పడి, ఒక్క క్షణం ఉండి, దానంతటదే చెరిగిపోయింది. దాని చోట "హెచ్" వచ్చింది.

అక్షరాలు గబగబా వచ్చిపడితే మిషను చెడిందనుకునేవాణ్ని. ఇవి అట్లా రాలేదు. ఎవరో ఆలోచించి, వెతుక్కుని, తప్పు చేసి, నాలిక కరుచుకుని దిద్దుకున్నట్టు వచ్చాయి. అదే నాకు చలి పుట్టించింది. పాడైన మిషను చెరుపుకోదు. చెరుపుకోవాలంటే మనసుండాలి.

ఆ పిల్ల వచ్చి చూసి వైరస్ అన్నది. వెతికింది, ఏమీ దొరకలేదు. నెట్టు తీసేసింది. అప్పుడూ ఒక అక్షరం పడింది. అంతవరకు ధైర్యంగా ఉన్న పిల్ల చేతులు వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది.

ఆ రోజు చెరిపినవి చెరపగా ఒక "కోహీర్" మిగిలిపోయి లిస్టుతో ఫ్యాక్టరీకి పోయింది. వాళ్ళు ఫోను చేశారు. సెక్రటరీ ఆ పిల్లను తన గదిలోకి పిలిచి, ఇంకోసారి ఇట్లయితే సంతకం పెట్టేది లేదని చెప్పి పంపాడు. పిల్ల మొహం వాడిపోయి వచ్చి కూర్చుంది. అప్పట్నుంచి మధ్యాహ్నాలు ఇద్దరం కాపలా. లిస్టు మూసెయ్యడానికి వీల్లేదు. ఊళ్ళ నుంచి ఫీల్డ్‌మన్లు పంపే పేర్లు అందులోనే వచ్చి పడుతుంటాయి, మూడు గంటలకు అది దానంతటదే ఫ్యాక్టరీకి పోతుంది. కాబట్టి పడిన అక్షరాన్ని పడినట్టే చెరపాలి.

నాకొక అలవాటుంది. మా కాలంలో లిస్టు సరిచూడాలంటే ఒకరు పైకి చదవాలి, ఒకరు టిక్కు పెట్టాలి. ముప్పై ఏళ్ళు చదివిన గొంతు నాది. నా ముందు ఏ అక్షరం పడ్డా నోరు దానంతటదే చదువుతుంది. "జెడ్... ఏ... హెచ్... ఈ..." అని వణుకుతూ నేను చదవడం, ఆ పిల్ల చెరపడం. 

మూడో రోజు నాకు వరుస అర్థమైంది. జహీరాబాద్. కోహీర్. చిరాగ్‌పల్లి. వాటి తర్వాత ఏ ఊరు వస్తుందో నేను ముందే మనసులో అనుకున్నాను. అదే వచ్చింది.  

"బిడ్డా" అన్నాను గుసగుసగా. "గీ వరుస నాకు, వానికి తప్ప ఎవలకు తెల్వది."

"ఎవలకు సార్?"

ల్యాప్‌టాప్ పొద్దున్నే ఎవరి పేరు పిలుస్తుందో ఆ పేరు చెప్పాను. ఆ పిల్ల కుర్చీ అరజానెడు వెనక్కి జరిపింది.

ఇంకా భయం పుట్టించింది ఏమిటంటే, అది రోజురోజుకీ మెరుగవుతోంది. మొదటి రోజు నాలుగు అక్షరాలకు పావుగంట పట్టింది. నాలుగో రోజుకు ఊరు మొత్తం ఒక్క ఊపులో వస్తోంది. తప్పులు తగ్గాయి. ఆ లోకంలో కూడా మా వాడు సాధన చేస్తున్నాడన్నమాట, వేళ్ళు తిరిగేదాకా వదలడన్నమాట అనుకున్నాను. నేను ఒక నిమ్మకాయ తెచ్చి మీటల మీద పెట్టాను.

"తియ్యిండ్రి సార్! రసం కారితే దయ్యం పోదు, మదర్‌బోర్డు పోతది" అని ఆ పిల్ల కసిరింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆ పిల్లకు వాళ్ళమ్మను దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. పోతూ పోతూ నా ముందు చేతులు జోడించింది. "మూడింటి దాంక మీరు కదలద్దు సార్. అక్షరం వడంగనే గీ మీట నొక్కుండ్రి, చెరుగుతది. ఇయ్యాల తప్పువోతే నా నౌకరి పోతది."

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నేనున్న."

శుక్రవారం గిర్ని యజమాని నమాజుకు పోతాడు. ఒంటిగంట దాటగానే గిర్ని ఆగింది. ఆ నిశ్శబ్దం ఎట్లా ఉంటుందో చెప్పాను కదా, ఎవరో గదిలోకి వచ్చి నిలబడ్డట్టుంటుంది. హైవే మీద లారీ ఒకటి పోయి, దాని చప్పుడు కూడా సన్నబడింది. నేనూ తెరా మిగిలాం.

"కె" పడింది. అదే క్షణాన ప్లైవుడ్ గోడ అవతల "టక్" మన్నది.

అవతల రికార్డు గది. మధ్య గదిలోంచి తీసేసిన అతని పాత బల్ల అందులోనే ఉంది. అటెండరమ్మ మధ్యాహ్నం ఇంటికి పోతుందని నా లెక్క, ఆమె ఇల్లు వెనక సందులోనే. అంటే అవతల ఎవరూ లేరు.

"కె" అని చదివాను, అలవాటు కొద్దీ. టక్. "ఓ" అని చదివాను. తర్వాత ఏమీ లేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. గోడ అవతల కుర్చీ కిర్రుమన్నట్టు అనిపించింది.  ఎందుకన్నానో తెలియదు, గొంతు దానంతటదే పలికింది. "కోహీరే అయితే ఇప్పుడు హెచ్ రావాలె."

టక్.

తెర మీద "హెచ్" వచ్చింది.

గోడకు చెవి పెట్టి తలుపు తోశానని మొదట్లో చెప్పాను కదా. ఇది ఒకటో మెట్టు, దిగుతున్నాను. తలుపు తొయ్యలేదు. గోడకు చెవి పెట్టలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి చాయ్ హోటల్లో పడ్డాను. మూడు చాయ్‌లు తాగాను.  నాలుగింటికి తిరిగి వచ్చేసరికి మూడు గంటల లిస్టు పోయింది. చెరపాల్సిన మీట నేను ఒక్కసారి కూడా నొక్కలేదు.

శనివారం పొద్దున కోహీరు రైతు ఒకాయన మా గుమ్మంలో నిలబడి అరిచాడు. రెండు ట్రాలీలు గేటు దగ్గర ఆపారట. లిస్టులో ఆయన పేరు చోట ఊళ్ళ పేర్లున్నాయట. "రాత్రంత నా చెరుకు రోడ్డు మీద వన్నది! మీ లిస్టుల ఎవడు ఆడుకుంటున్నడు?"

సెక్రటరీ ఈసారి తన గదిలోకి పిలవలేదు. తనే మా గదిలోకి వచ్చాడు. 

"నిన్న మూడింటి దాంక లిస్టు ఎవలు సూస్తుండె?"

ఆ పిల్ల నా వైపు చూసింది. 

రెండో మెట్టు. ఇది కొంచెం ఎత్తుగా ఉంది, ఓపిక పట్టండి. "నేను తిననీకి పోయిన సార్" అన్నాను. "లిస్టు ఆపరేటరుది. ఆమెనే చూస్కోవాలె."

"అయితే సోమవారం నుంచి నువ్వు రావద్దమ్మా" అన్నాడు సెక్రటరీ.

"పది నిమిషాలు టైమియ్యిండ్రి సార్" అన్నది ఆ పిల్ల. అంతే. నా పేరు ఎత్తలేదు.

"చాయ్ చెప్పొస్త" అని నేను బయటపడ్డాను. దయ్యానికి భయపడి కాదు ఈసారి. ఆ పిల్ల కళ్ళకు ఎదురుగా ఉండలేక.

కాబట్టి అసలు ఘట్టం జరిగినప్పుడు నేను అక్కడ లేను. తర్వాత తెలిసింది రాస్తున్నాను. ఆ పిల్ల నా స్టాకు రిజిస్టరు తీసింది. మిషనులోకి ఏదైనా వచ్చే దారి ఉందా అని కన్నాల వివరం ఒక్కొక్కటే చదివింది. ఏడో దాని దగ్గర ఆగింది. కంపెనీవాళ్ళు ఒక్క కన్నానికే బిరడా ఎందుకు పెడతారు? సెక్రటరీ చూస్తుండగానే కాగితాలు కోసే కత్తితో ఏడో కన్నం మీది లక్క పగలగొట్టి, ఆ నల్ల బిరడాను గోటితో పట్టి లాగింది. అది బిరడా కాదు. వైరు లేని కీబోర్డు కొడితే అక్షరాలు అందుకునే రిసీవరు. గోరంత ఉంటుంది. గోడలు దానికి అడ్డం కావు, లక్క అసలే కాదు. మా వాడు దాన్ని పెట్టి పోయాడు, నేను దాని మీద ప్రభుత్వ ముద్రంత గట్టిగా ముద్ర వేసి భద్రపరిచాను. ఆ తర్వాత ఆ పిల్ల వెనక గదికి పోయి మనిషిని పట్టుకుంది.

నేను చాయ్‌తో లోపలికి వచ్చేసరికి బల్ల మీద లక్క పెంకులు దానిమ్మ గింజల్లా చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆ పిల్ల అరచేతిలో ఆ నల్లటి ముక్క. గది నడుమ అటెండరమ్మ తల వంచుకుని, కంట నీరు పెట్టుకుని నిలబడింది. ఆమె చేతుల్లో, నేను ఏ తువ్వాలలో మూటగట్టి ఇచ్చానో ఆ తువ్వాల మీద, ఆమె భర్త కీబోర్డు. 

"నువ్వా?" అన్నాడు సెక్రటరీ.

"పరీక్షకు నేర్చుకుంటున్న సార్."

ఇంట్లో అత్తా, పిల్లలూ, ఒకటే గది. అందుకని మధ్యాహ్నాలు రికార్డు గదిలో తలుపు దగ్గరేసుకుని, భర్త పేర్చిన దస్త్రాల మీద ఊళ్ళ పేర్లు పైనుంచి కిందికి చూస్తూ కొట్టిందట. అది దేనికీ కలిపి లేదనుకుందట. తెర లేదు, అక్షరం కనబడదు, ఒప్పో తప్పో చెప్పేవాడు లేడు. గోడకు ఇవతల మేం నిమ్మకాయలు పెడుతుంటే, గోడకు అవతల ఒక మనిషి చీకట్లో మెట్లు తడుముకున్నట్టు అక్షరాలు తడుముకుంది. నేను ఆ గంట నేర్చుకోనిచ్చి ఉంటే ఏ దయ్యమూ లేదు.

కారణం తెలిసింది కాబట్టి ఆపరేటరు పిల్ల ఉద్యోగం నిలిచింది. సెక్రటరీ మిగిలిన సీళ్ళు కూడా తీయించాడు. ఐదో కన్నంలోంచి లక్క మాత్రం పూర్తిగా రాలేదు, ఆ మిషనుకు అప్పట్నుంచి చెవుడే. అటెండరమ్మ మధ్యాహ్నాలు ఆ పిల్ల పక్కన కూర్చుని తెర మీదే నేర్చుకుంది. రెండోసారికి పరీక్ష పాసైంది. ఇప్పుడు ఆ గుమస్తా కుర్చీ ఆమెదే.

శుక్రవారం పారిపోయింది నేనేనని ఆ పిల్లకు చెప్పడానికి నాకు రిటైరయ్యే రోజు దాకా పట్టింది. సభ అయినాక పక్కకు పిలిచి చెప్పాను. 

"తెలుసు సార్" అన్నది. "మీ చెప్పులు నా బల్ల కిందనే ఉండె."

ఒక్కటి మాత్రం ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తుంది. నేను "హెచ్ రావాలె" అన్నాను, హెచ్ వచ్చింది. కాకతాళీయమే, ఒప్పుకుంటాను. కె, ఓ తర్వాత ఆమె హెచ్ కాక ఇంకేం కొడుతుంది? అయినా ఆ రెండు నిమిషాలు అది నా మాట కోసం ఎదురుచూసినట్టే ఉండింది. గిర్ని ఆగిన మధ్యాహ్నాల్లో ఇంటి దగ్గర కూడా ఆ టక్ వినబడుతుంది.

ఇక్కడిదాకా చేత్తో రాసి, టైపు చెయ్యమని ఒకప్పటి ఆ అటెండరమ్మకే ఇచ్చాను. నాలుగు రోజులకు ఇంటికి తెచ్చింది. కాగితాలు నా చేతికివ్వకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"రెండు తప్పులున్నయి సారూ."

"అచ్చు తప్పులా?"

"అచ్చు నేను తప్పువోను. మీరు రాసిందాంట్లనే తప్పు. నాకు ఒప్పో తప్పో చెప్పేటోడు లేడని రాసిన్రు. మీరు లేరా? పైకి సదివేటోళ్ళు కద. మొదటి రెండు దినాలు నాకు సమజ్ గాలే. మూడో దినం నేను ఏది కొడితే మీరు అదే అంటున్నరని ఎరుకైంది. గప్పటి నుంచి మీ గొంతు విని దిద్దుకున్న. ఆ శుక్రారం హెచ్ యాడున్నదో యాదికి రాక కూసున్న. తర్వాత ఏ అక్షరమో మీరే చెప్పిన్రు, యాదికొచ్చింది, కొట్టిన."

 "మరి లిస్టు ఖరాబైతదని..."

"లిస్టుల వడుతున్నదని నాకెట్ల తెలుస్తది? ఉత్త తెర మీద వడి పోతదనుకున్న. ఆ బిడ్డను కోపం జేసింది గూడ ముందు గదిల. నాకు ఇనరాలే."

"రెండో తప్పు?"

కాగితాలు బల్ల మీద పెట్టింది. "నన్ను పట్టుకున్నరని రాసిన్రు. ఏడ్చిన అని గూడ రాసిన్రు. నేను ఏడ్వలే, నన్నెవలు పట్టుకోలే. శనివారం నేను గోడ అవతలనే ఉన్న. ఆ రైతు లొల్లి విన్నంకనే నా అక్షరాలు లిస్టుల వడ్డయని ఎరుకైంది. సోమవారం నుంచి రావద్దన్నది విన్న. దానికంటె ముందు మీరు తిననీకి పోయిన అన్నది గూడ విన్న. శుక్రారం మీరు యాడ ఉన్నరో నాకంటె ఎవలకు తెలుసు సారూ? మీరే చెప్తరేమోనని జరసేపు సూసిన. మీరు చాయ్‌కు పోయిన్రు. గందుకే నేనొచ్చిన."